మీ ఫోన్ నావిక్‌ను నిజంగా వాడుకుంటోందా? పరీక్షించి, ఒక స్థానాన్ని సరిగ్గా నమోదు చేసుకోవడం ఎలా

“ఫోన్‌లో నావిక్ ఉందని చెప్పి అమ్మారు, కానీ మ్యాపులో చుక్క ఇప్పటికీ పక్క వీధిలోనే కనబడుతోంది, ఎందుకు?” “నావిక్ యాప్ ఎక్కడ దొరుకుతుంది?” “దీనితో పొలం హద్దులు కొలుచుకోవచ్చా?” ఈ మూడు ప్రశ్నలు నాకు పదేపదే వస్తున్నాయి. ఎవరికి వారు తమ ఫోన్‌తోనే పరీక్షించుకోగలిగే పద్ధతిని ఒక వరుసలో రాస్తే మూడింటికీ జవాబు దొరుకుతుంది. చివరి రెండింటికి మాత్రం ముందే సూటిగా చెబుతాను. నావిక్‌ను వాడుకోవడానికి ప్రత్యేకమైన యాప్ ఏదీ అక్కరలేదు. ఫోన్‌లోని చిప్ ఆ సంకేతాలను అందుకోగలిగితే అన్ని మ్యాపు యాప్‌లకూ దాని ప్రయోజనం దానంతటదే అందుతుంది. ఇక పొలం హద్దుల విషయానికొస్తే, ఫోన్ కొలత మన సొంత అంచనాకు పనికివస్తుందే తప్ప తగవు తీర్చడానికి చాలదు.

పరీక్షకు అవసరమైనంత నేపథ్యం మాత్రమే చెబుతాను. నావిక్ మన ఇస్రో నిర్మించిన, జీపీఎస్‌లాగే స్థానాన్ని తెలిపే ప్రాంతీయ ఉపగ్రహ వ్యవస్థ. దీని మొదటి ఉపగ్రహాన్ని 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి ప్రయోగించారు. ఏడు ఉపగ్రహాలతో దీనిని రూపొందించారు. వాటిలో మూడు భూస్థిర కక్ష్యలో, అంటే మనకు ఆకాశంలో దాదాపు ఒకే చోట నిలిచి కనిపించేలా ఉంటాయి. మిగిలిన నాలుగు 29 డిగ్రీలు వాలిన కక్ష్యల్లో ఉత్తర దక్షిణాలుగా ఊగుతున్నట్లు కదులుతాయి. అన్నీ సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులోనే ఉంటాయి. మన దేశమూ, దాని సరిహద్దుల నుంచి 1,500 కిలోమీటర్ల వరకూ ఉన్న ప్రాంతమూ ఈ సేవ పరిధి. సామాన్య వినియోగదారులకు 20 మీటర్ల కన్నా మెరుగైన ఖచ్చితత్వం ఇవ్వాలన్నది దీని లక్ష్యం.

అయితే ఏడూ పూర్తి స్థాయిలో పనిచేస్తున్నాయని అనుకోవద్దు. కొన్ని ఉపగ్రహాలలోని అణు గడియారాలు చెడిపోవడం వల్ల అవి స్థాన నిర్ణయానికి పనికిరాకుండా పోయాయి. స్వదేశీ రుబీడియం అణు గడియారంతో 2023 మే 29న వెళ్లిన రెండో తరం నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01 తన స్థానానికి చేరింది కానీ, 2025 జనవరి 29న వెళ్లిన ఎన్‌వీఎస్-02లో ఇంజనుకు ఆక్సిడైజర్‌ను, అంటే ఇంధనాన్ని మండించే పదార్థాన్ని, పంపే వాల్వు తెరుచుకోకపోవడంతో అది అనుకున్న కక్ష్యకు చేరలేదు. కాబట్టి నావిక్‌ను ఒంటరిగా కాక జీపీఎస్‌కు తోడుగా చూడడమే ఇప్పటికి సరైన దృష్టి అని నా అభిప్రాయం. జీపీఎస్ ఉపగ్రహాలకు మరో రెండు మూడు, వేర్వేరు దిక్కుల నుంచి తోడైనా స్థానం మెరుగుపడుతుంది. ముఖ్యంగా ఆకాశం సగమే కనబడే చోట ఆ తేడా బాగా తెలుస్తుంది.

కావలసినవి

- ఆండ్రాయిడ్ 10 లేదా తర్వాతి వెర్షన్ ఉన్న ఫోన్. అంతకు ముందరి వెర్షన్లు నావిక్ ఉపగ్రహాలను విడిగా గుర్తించి యాప్‌లకు చూపవు.
- ఉపగ్రహాల జాబితాను చూపే యాప్. నేను ఉచితంగా దొరికే జీపీఎస్‌టెస్ట్‌ను దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను. ఆ సమాచారం చూపే యాప్ ఏదైనా సరిపోతుంది.
- ఫోన్‌ను కదలకుండా పెట్టడానికి నడుము ఎత్తు చెక్క స్టూలు.
- 30 లేదా 50 మీటర్ల టేపు, రెండు మేకులు, నోటుపుస్తకం.
- వేర్వేరు సమయాల్లో మూడు సార్లు అదే చోటికి వెళ్లగలిగే తీరిక. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

ఐఫోన్ ఉన్నవారికి ఒక మాట. 2023లో వచ్చిన ఐఫోన్ 15 ప్రో, ప్రో మ్యాక్స్ మోడళ్లతో నావిక్ సదుపాయం మొదలైంది. కానీ ఏ ఉపగ్రహాన్ని వాడుతున్నదీ యాప్‌లకు తెలియజేసే ఏర్పాటు ఐఫోన్‌లో లేదు. కాబట్టి మీరు కింది వాటిలో 5వ దశను వదిలేసి మిగిలినవి చేయవచ్చు.

1. చిప్‌సెట్‌ను సరిచూడండి

ఫోన్ తయారీదారు ఇచ్చిన సాంకేతిక వివరాల పట్టికలో లొకేషన్ అన్న వరుసలో నావిక్ పేరు ఉందో లేదో చూడండి. స్నాప్‌డ్రాగన్ 720జీ, 662, 460 చిప్‌లను 2020 జనవరిలో క్వాల్‌కామ్ నావిక్ సదుపాయంతో ప్రకటించింది. తర్వాత ఇతర చిప్‌లలోనూ ఇది వచ్చింది. చిప్‌కు సామర్థ్యం ఉన్నంత మాత్రాన ఫోన్‌లో అది పనిచేస్తుందని ఖాయంగా చెప్పలేము. తొలితరం నావిక్ ఉపగ్రహాలు ఫోన్లకు అందే సంకేతాన్ని ఎల్5 అనే 1176.45 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ మీద మాత్రమే పంపుతాయి. ఫోన్ యాంటెన్నా ఎల్5ను అందుకునేలా లేకపోతే చిప్ ఎంత మంచిదైనా వాటి విషయంలో ఉపయోగం లేదు. జీపీఎస్ వాడే ఎల్1 అనే ఫ్రీక్వెన్సీ మీద కూడా సంకేతం పంపడం ఎన్‌వీఎస్ శ్రేణితోనే మొదలైంది. అందువల్ల కాగితం మీద ఉన్నదాన్ని నమ్మి ఇక్కడే ఆగిపోకండి.

2. సెట్టింగులు మార్చండి

లొకేషన్ ఆన్ చేసి, యాప్‌కు ఖచ్చితమైన లొకేషన్ అనుమతి ఇవ్వండి. సుమారు లొకేషన్ అనుమతి మాత్రమే ఇచ్చి, ఉపగ్రహాలు కనబడడం లేదని బాధపడేవారు చాలామంది ఉన్నారు. బ్యాటరీ సేవర్‌ను ఆపేయండి. పరీక్ష జరుగుతున్నంతసేపూ లొకేషన్ యాక్యురసీ అనే సెట్టింగును కూడా ఆపేయడం మంచిది, ఎందుకంటే అది వైఫై, సెల్ టవర్ల సాయంతో స్థానాన్ని అంచనా వేస్తుంది. దానివల్ల మీరు చూస్తున్నది ఉపగ్రహాల ఫలితమో కాదో తేల్చుకోలేరు.

డెవలపర్ ఆప్షన్లు తెరవడం తెలిసినవారు అందులో ఫోర్స్ ఫుల్ జీఎన్‌ఎస్‌ఎస్ మెజర్‌మెంట్స్ అన్నదాన్ని ఆన్ చేయవచ్చు. మామూలుగా ఫోన్ బ్యాటరీ పొదుపు కోసం రిసీవర్‌ను మధ్యమధ్యలో ఆపుతూ ఉంటుంది. ఈ ఆప్షన్ దాన్ని నిలువరిస్తుంది. పని ముగిశాక ఆఫ్ చేయడం మరవకండి, లేకపోతే ఛార్జింగ్ త్వరగా అయిపోతుంది.

3. చోటును ఎంచుకోండి

జీపీఎస్ అలవాటుతో నావిక్‌ను వాడేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. జీపీఎస్ ఉపగ్రహాలు ఆకాశంలో కదులుతూ ఉంటాయి కాబట్టి, గోడ చాటున ఉన్న ఉపగ్రహం ఒక గంట ఆగితే బయటికి రావచ్చు. నావిక్ భూస్థిర ఉపగ్రహం అలా రాదు. అది గోడ చాటున ఉంటే ఎన్ని గంటలు నిలబడినా చాటునే ఉంటుంది. పది అడుగులు పక్కకు జరిగితే ఒక్క నిమిషంలో దొరుకుతుంది. నావిక్ విషయంలో వేచి చూడడం కన్నా చోటు మారడం మేలు.

దిక్కులు తెలిస్తే చోటు ఎంచుకోవడం సులువు. భూస్థిర ఉపగ్రహాల కోసం కేటాయించిన స్థానాలను హైదరాబాద్ నుంచి చూస్తే ఒకటి తూర్పున క్షితిజం నుంచి సుమారు 27 డిగ్రీల ఎత్తులో, ఒకటి పడమరన సుమారు 34 డిగ్రీల ఎత్తులో, మరొకటి దక్షిణాన దాదాపు 69 డిగ్రీల ఎత్తులో ఉంటాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడున్నా ఈ లెక్క కొద్దిపాటి తేడాతో వర్తిస్తుంది. తూర్పున 10 మీటర్ల ఎత్తు మేడ ఉంటే దానికి కనీసం 20 మీటర్ల దూరంలో నిలబడితేనే తూర్పు ఉపగ్రహం కనబడుతుందని గుర్తుంచుకోండి. పడమర వైపు 15 మీటర్ల దూరం చాలు. ఉత్తరాన ఏముందన్నది భూస్థిర ఉపగ్రహాల విషయంలో పట్టించుకోనక్కరలేదు.

రేకుల కప్పుల పక్కన, ఆగి ఉన్న వాహనాల పక్కన, అద్దాల భవనాల ముందు కొలవకండి. సంకేతం వాటిని తాకి తిరిగి వచ్చి, ఎక్కువ దూరం ప్రయాణించినట్లు లెక్కకు చేరుతుంది. ఉపగ్రహాలు బోలెడన్ని కనబడుతున్నా స్థానం తప్పుగా రావడానికి ఇది ప్రధాన కారణం.

4. సమయాన్ని ఎంచుకోండి

మన ప్రాంతం భూమధ్యరేఖకు దగ్గరగా ఉండడం వల్ల పై వాతావరణంలోని విద్యుదావేశ పొర, అయనోస్ఫియర్, సంకేతాలను బాగా ఆలస్యం చేస్తుంది. ఈ ప్రభావం మధ్యాహ్నం తర్వాత ఎక్కువగా ఉంటుంది. మార్చి, సెప్టెంబరు నెలల చుట్టుపక్కల, సూర్యాస్తమయం నుంచి అర్ధరాత్రి వరకు సంకేతాలు మిణుకుమిణుకుమంటూ తెగిపోవడం కూడా జరుగుతుంది. వీలైతే ఉదయం పూట కొలవండి. ఎల్1, ఎల్5 రెండింటినీ అందుకునే ఫోన్ అయితే రెండు ఫ్రీక్వెన్సీల ఆలస్యాన్ని పోల్చి ఈ దోషాన్ని చాలావరకు తగ్గించే వీలుంది.

5. ఉపగ్రహాల జాబితాను చదవండి

ఫోన్‌ను స్టూలు మీద తెర పైకి ఉండేలా పెట్టి, ఉపగ్రహాలకూ ఫోన్‌కూ మధ్య మీరు అడ్డు నిలవకుండా ఒక పక్కకు జరగండి. మనిషి శరీరం కూడా సంకేతాన్ని అడ్డుకుంటుంది. యాప్‌ను తెరిచి కనీసం ఐదు నిమిషాలు అలాగే ఉంచండి. నావిక్ తన కక్ష్యా సమాచారాన్ని 48 సెకన్ల చక్రంలో పంపుతుంది. మధ్యలో సంకేతం తెగితే ఆ భాగం కోసం మళ్లీ ఎదురుచూడాలి కాబట్టి తొందరపడితే లాభం లేదు. నావిక్ వరుసల పక్కన భారత జెండా ఉంటుంది. ప్రతి వరుసలో ఈ మూడింటిని చూడండి.

మొదటిది ఫ్రీక్వెన్సీ. అక్కడ ఎల్5 అని గాని, కొత్త ఫోన్లలో ఎల్1 అని గాని ఉండాలి. రెండోది సంకేత బలం. ఆరుబయట 30 నుంచి 45 వరకు ఉంటే బాగున్నట్లు, 20 కన్నా తక్కువ ఉంటే ఆ ఉపగ్రహాన్ని లెక్కలోకి తీసుకోనట్లే. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, గుర్తుల వరుసలోని యు అనే ఇంగ్లీషు అక్షరం. ఆ ఉపగ్రహాన్ని స్థాన నిర్ణయంలో నిజంగా వాడుకున్నారని దాని అర్థం. ఏ, ఈ అక్షరాలు మాత్రమే ఉంటే కక్ష్యా సమాచారం అందిందే కానీ వాడకం మొదలవలేదని తెలుసుకోవాలి.

భారత జెండా కనబడగానే ఫోన్ నావిక్ వాడుతోందని తేల్చేయడం చాలామంది చేసే తప్పు. యు గుర్తు లేని వరుస మీ స్థానాన్ని ఏ మాత్రం మార్చదు. ఇంకో తప్పు కూడా తరచుగా చూస్తున్నాను. యాప్‌లోని ఫిల్టర్‌తో నావిక్‌ను మాత్రమే ఎంచుకొని, తెర మీది స్థానం నావిక్ ఒక్కదానితో వచ్చిందని నమ్ముతారు. ఫిల్టర్ చేసేది జాబితాలోని మిగతా వరుసలను దాచడమే. చిప్ మాత్రం అన్ని వ్యవస్థలనూ కలిపే లెక్క వేస్తుంది.

జాబితాలో 127, 128, 132 సంఖ్యలతో విడిగా కనిపించేవి నావిక్ ఉపగ్రహాలు కావు, అవి గగన్‌వి. విమానాల కోసం ఇస్రో, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి ఏర్పాటు చేసిన ఈ వ్యవస్థ జీశాట్-8, జీశాట్-10, జీశాట్-15 ఉపగ్రహాల ద్వారా జీపీఎస్ దోషాలకు సవరణలను ప్రసారం చేస్తుంది. నావిక్, గగన్ రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. నావిక్ తానే స్థానాన్ని ఇస్తుంది. గగన్ జీపీఎస్ ఇచ్చిన స్థానాన్ని దిద్దుతుంది.

నావిక్ వరుసలు ఒక్కటీ రాకపోతే చోటు మార్చి, యాప్‌లో సహాయక సమాచారాన్ని చెరిపి మళ్లీ మొదలుపెట్టండి. లోహపు రేకు గాని అయస్కాంతం గాని ఉన్న ఫోన్ కవరు తీసేయండి. రెండు మూడు చోట్ల ప్రయత్నించినా రాకపోతే, మీ ఫోన్‌లో ఆ సదుపాయం లేదన్న నిర్ణయానికి రావచ్చు. అలాగని మిగతా దశలు వృథా కావు.

6. స్థానాన్ని నమోదు చేయండి

చోటును మేకుతో గుర్తించి, ఫోన్‌ను సరిగ్గా దాని పైన ఉంచండి. తెర మీది ఖచ్చితత్వం అంకె తగ్గుతూ వచ్చి నిలకడైన తర్వాత, నిమిషానికి ఒకటి చొప్పున పది రీడింగులు రాసుకోండి. దశాంశ డిగ్రీల్లో ఐదు స్థానాల వరకు రాస్తే చాలు. ఐదో స్థానంలో ఒక అంకె తేడా అంటే నేల మీద సుమారు 1.1 మీటరు. అంతకు మించిన అంకెలను ఫోన్ చూపించినా వాటికి అర్థం లేదు.

ఖచ్చితత్వం 4 మీటర్లు అని కనబడితే మీరు ఆ 4 మీటర్ల వలయంలోనే ఉన్నారని కాదు. ఆ వలయంలో ఉండే అవకాశం 68 శాతం అని ఆండ్రాయిడ్ నిర్వచనం. అంటే సుమారు మూడింట ఒకసారి మీరు వలయం బయట ఉంటారు. పైగా అది ఫోన్ తన గురించి తాను వేసుకునే అంచనా మాత్రమే. ప్రతిధ్వనించిన సంకేతాల చేతిలో ఫోన్ మోసపోయినప్పుడు ఆ అంచనా కూడా మోసపోతుంది.

కొన్ని ఫోన్లు కదలిక లేదని గ్రహించగానే రీడింగును ఒకే చోట బిగించి చూపుతాయి. పది రీడింగులూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయితే అది ఖచ్చితత్వం కాదు. ఇరవై అడుగులు నడిచి తిరిగి వచ్చి మళ్లీ మొదలుపెట్టండి.

7. వేరే సమయాల్లో మళ్లీ కొలవండి

ఒకే గంటలో తీసిన వంద రీడింగులకన్నా, మూడు వేర్వేరు పూటల తీసిన ముప్పై రీడింగులు విలువైనవి. ఎందుకంటే దోషం నెమ్మదిగా మారుతుంది. పది నిమిషాల్లో తీసినవన్నీ ఒకే వైపు జరిగి ఉంటాయి. మర్నాడు సరిగ్గా అదే సమయానికి వెళ్లడం కూడా లాభం లేదు, జీపీఎస్ ఉపగ్రహాలు 23 గంటల 56 నిమిషాలకు దాదాపు అదే అమరికకు తిరిగివస్తాయి కాబట్టి. ఒకరోజు ఉదయం ఏడింటికి వెళితే, ఇంకో రోజు పదింటికి, మరో రోజు సాయంత్రానికి ముందు వెళ్లండి.

పూటకొక సగటు తీసి, ఆ మూడు సగటులను పోల్చండి. అక్షాంశాలు 17.37502, 17.37506, 17.37504 వచ్చాయనుకుందాం. కనిష్ఠానికీ గరిష్ఠానికీ తేడా 0.00004, అంటే సుమారు 4.4 మీటర్లు. నోటుపుస్తకంలో 17.37504 అని రాసి, పక్కనే ఆ తేడాను కూడా రాయండి. ఒక సగటు మిగతా రెండింటికీ 15 మీటర్లు దూరంగా ఉంటే దాన్ని కలపకండి, నాలుగోసారి వెళ్లండి.

8. డిగ్రీలు, నిమిషాలు, సెకన్ల దగ్గర జాగ్రత్త

17 డిగ్రీల 22 నిమిషాల 30 సెకన్లను 17.2230 అని రాసి పంపేవారిని చాలామందిని చూశాను. అది సుమారు 17 కిలోమీటర్ల తప్పు. నిమిషాలను 60తో, సెకన్లను 3600తో భాగించి డిగ్రీలకు కలపాలి. పై ఉదాహరణకు సరైన విలువ 17.375. ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం రాయాలి. మన రాష్ట్రాల్లో మొదటిది 12 నుంచి 20 మధ్య, రెండోది 76 నుంచి 85 మధ్య ఉంటుంది కాబట్టి తారుమారైతే వెంటనే పట్టుకోవచ్చు.

9. టేపుతో సరిచూడండి

మొదటి మేకు నుంచి టేపుతో సరిగ్గా 50 మీటర్లు కొలిచి రెండో మేకు కొట్టండి. రెండు చోట్లా రీడింగులు తీసి, అక్షాంశాల తేడాను 110650తో, రేఖాంశాల తేడాను 106500తో హెచ్చించండి. రెండో సంఖ్య 17 డిగ్రీల అక్షాంశం దగ్గర వర్తిస్తుంది. దక్షిణానికి వెళ్లేకొద్దీ కొద్దిగా పెరుగుతుంది. ఉదాహరణకు అక్షాంశ తేడా 0.00030 అయితే 33.2 మీటర్లు, రేఖాంశ తేడా 0.00035 అయితే 37.3 మీటర్లు. రెండింటి వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తే 49.9 మీటర్లు వస్తుంది. మీకు 46 నుంచి 54 మధ్య ఏది వచ్చినా ఫోన్ బాగా పనిచేసినట్లే.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. రెండు చోట్లనూ కొద్ది నిమిషాల తేడాతో కొలిచారు కాబట్టి రెండింటి దోషమూ ఒకే వైపు ఉండి, తీసివేతలో పోతుంది. దూరం సరిగ్గా వచ్చినా రెండు మేకులూ కలిసి ఐదారు మీటర్లు పక్కకు జరిగి ఉండవచ్చు. దాన్ని పట్టుకోవాలంటే అక్షాంశ రేఖాంశాలు ముందే ఖచ్చితంగా తెలిసిన సర్వే కంట్రోల్ పాయింట్ మీద ఫోన్ పెట్టి చూడాలి. తెలిసిన విలువను నమోదు చేస్తే దోషాన్ని లెక్కించి చూపే విభాగం జీపీఎస్‌టెస్ట్‌లో ఉంది.

మ్యాపు మీది ఉపగ్రహ చిత్రంతో పోల్చి తప్పొప్పులు తేల్చకండి. ఆ చిత్రాలే కొన్ని మీటర్లు జరిగి ఉంటాయి. ప్రయాణంలో దారి చూపేటప్పుడు యాప్ మీ చుక్కను బలవంతంగా రోడ్డు మీదికి లాగుతుంది కూడా.

ఎత్తు గురించి అడిగేవారికి: ఫోన్ కొలిచే మూల ఎత్తు సముద్రమట్టం నుంచి కాదు, గణితపరంగా ఊహించిన ఒక దీర్ఘగోళం నుంచి. దక్షిణ భారతంలో సముద్రమట్టం ఆ ఉపరితలానికి పదుల మీటర్లు కిందికి ఉంటుంది. అందుకే మన తీరాన ఇసుకలో నిలబడినా మైనస్ గుర్తుతో పెద్ద సంఖ్య కనబడుతుంది. ఫోన్ చెడిపోలేదు, యాప్‌లో సముద్రమట్టం ఆధారంగా ఇచ్చే ఎత్తును చూడండి.

ఫోన్ చాలకపోతే

మొదటి ప్రత్యామ్నాయం బ్లూటూత్‌తో ఫోన్‌కు కలిపే విడి రిసీవర్. కొనేముందు అది నావిక్ ఎల్5ను, గగన్‌ను అందుకుంటుందో లేదో అడగండి. వాడేటప్పుడు అది పంపే సమాచార వరుసల్లో జీఐ (GI) అనే జంట అక్షరాలతో మొదలయ్యేవి ఉంటే నావిక్ అందుతున్నట్లు. స్థాన నాణ్యత చూపే అంకె 1 అయితే మామూలు స్థానం, 2 అయితే గగన్ వంటి సవరణ కలిసిన స్థానం.

సెంటీమీటర్ల ఖచ్చితత్వం కావాలంటే స్థిర కేంద్రం నుంచి సవరణలు అందుకునే రోవర్ అనే సర్వే రిసీవర్ కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వేకు వాడినవి అటువంటి పరికరాలే. గట్టు జరిగిందన్న అనుమానం ఉంటే ఫోన్ రీడింగులతో పక్క రైతుతో వాదనకు దిగకండి. ఐదు మీటర్ల అనిశ్చితి ఉన్న కొలతతో అడుగు వెడల్పు తగవును తేల్చడం సాధ్యం కాదు. హద్దు రాళ్లను సర్వేయరు చేత, ఎఫ్‌ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్, అంటే సర్వే శాఖ క్షేత్ర కొలతల పుస్తకం) పటం ఆధారంగా కొలిపించండి. అప్పుడు మీ నోటుపుస్తకంలోని అంకెలు ఏ రాయి ఎక్కడ ఉండేదో వెతకడానికి పనికొస్తాయి. అందుకోసం ప్రతి రీడింగు పక్కన తేదీ, సమయం, వాడుకలో ఉన్న నావిక్ ఉపగ్రహాల సంఖ్య, ఫోన్ పేరు రాసి ఉంచండి.